చిరంజీవి బాలూ తమ్ముడికి పదేళ్లు

మనం షష్టిపూర్తులు చేస్తాం, సినిమాలకు శతదినోత్సవాలు చేస్తాం, పత్రికలకు స్వర్ణోత్సవాలు చేస్తాం. ఊరి బడికి వందేళ్లు నిండితే పూర్వ విద్యార్థులంతా అమెరికా నుంచి కూడా దిగివస్తారు. కానీ ఆ ఆహ్వాన పత్రికల మీద, ఆ వేదిక వెనక కట్టిన ఫ్లెక్సీ మీద మన మాటను మోసే అక్షరరూపానికి అభినందన సభ జరగడం నేనెక్కడా చూడలేదు. ఈ ఏడాది అలాంటి సభ ఒకటి జరపాలని నా కోరిక. సభ జరిగే లోపు ఈ వ్యాసాన్నే వేదిక అనుకుందాం. 2016లో గూగుల్ ఫాంట్స్ ద్వారా తెలుగువాళ్ల చేతికొచ్చిన ‘బాలూ తమ్ముడు’ అనే ఫాంటుకు 2026తో పదేళ్లు నిండుతున్నాయి.

పేరు కొత్తగా అనిపించవచ్చు గానీ ముఖం మీకు తెలిసే ఉంటుంది. లావుపాటి గీత. కోసుకుపోయే మొన ఎక్కడా లేదు, ప్రతి కొసా నున్నగా గుండ్రంగా తిరిగి ఉంటుంది. అక్షరాలు ఒకదానికొకటి బాగా దగ్గరగా, బొద్దుగా, కాస్త ఎగిరిపడుతున్నట్టు ఉంటాయి. పిల్లల పాటల వీడియోల మీద, ట్యూషన్ సెంటర్ల బోర్డుల మీద, ఐస్‌క్రీమ్ బండ్ల మీద, టీకాల గురించి చెప్పే పోస్టర్ల మీద, పండగ శుభాకాంక్షల కార్డుల మీద ఇలాంటి అక్షరం కనిపిస్తే ఒకసారి ఆగి చూడండి. చాలాసార్లు అది మన తమ్ముడే అవుతుంది.

దీన్ని తయారుచేసింది ముంబయిలోని ఏక్ టైప్ అనే అక్షరశిల్పుల బృందం. బాలూ అంటే ఎలుగుబంటి. ఒళ్లంతా మెత్తటి బొచ్చు, బరువైన నడక, ఎవరినీ భయపెట్టని ముఖం ఉన్న ఎలుగుబంటి స్వభావాన్ని వాళ్లు అక్షరానికి ఇవ్వాలనుకున్నారు. ఒక్క లిపికి కాదు, దేవనాగరి, గురుముఖి, గుజరాతీ, బంగ్లా, ఒడియా, తమిళం, తెలుగు, కన్నడం, మలయాళం అనే తొమ్మిది లిపులకూ, వాటితో పాటు రోమన్ లిపికీ ఇచ్చారు. దేవనాగరి మినహా ఒక్కో లిపి ఫాంటుకు ఆ భాషవాళ్లు ఇంట్లో పిలుచుకునే పిలుపే పెట్టారు. పంజాబీకి బాలూ పాజీ, గుజరాతీకి బాలూ భాయ్, బంగ్లాకు బాలూ దా, ఒడియాకు బాలూ భైనా, తమిళానికి బాలూ తంబి, మలయాళానికి బాలూ చేట్టన్, కన్నడానికి బాలూ తమ్మ, మనకు బాలూ తమ్ముడు. ఉర్దూ కోసం బాలూ భాయీజాన్ కూడా ఉన్నాడు. ఇంతమంది అన్నదమ్ములున్న ఉమ్మడి కుటుంబం మన దేశపు అక్షరాల లోకంలో అరుదు.

గుండ్రటి కొసల ఫాంట్ల వంశం పాశ్చాత్య దేశాల్లో చాలా ముందే మొదలైంది. గీతల చివర చిన్న కాళ్లూ తోకలూ లేని అక్షరాలను సాన్స్ సెరిఫ్ అంటారు. వాటిలో వృత్తం, చతురస్రం, త్రిభుజం ఆధారంగా గీసినవి జ్యామితి తరహావి. 1927లో జర్మనీలో పాల్ రెన్నర్ గీసిన ఫ్యూచురా ఆ తరహాకు పెద్దదిక్కు. దానిలోని ‘ఓ’ చూస్తే వృత్తలేఖినితో గీసినట్టే ఉంటుంది గానీ, నిజానికి చాలా చోట్ల కంటి కోసం సవరించిన గీత అది. ఒకే మందంతో గీసిన వలయంలో మన కంటికి పైభాగం, కిందిభాగం పక్కభాగాల కన్నా లావుగా తోస్తాయి. అందుకే అక్షరశిల్పి అడ్డంగా పోయే చోట గీతను కొద్దిగా సన్నం చేస్తాడు. అలాగే గుండ్రటి అక్షరం పక్కనున్న చదునైన అక్షరంతో సమానమైన ఎత్తులోనే ఉంటే పొట్టిగా కనిపిస్తుంది. కాబట్టి దాన్ని గీత దాటించి రవ్వంత పైకీ కిందికీ పోనిస్తాడు. జ్యామితి అక్షరాల్లో కొలబద్ద చెప్పినదానికీ కన్ను ఒప్పుకునేదానికీ మధ్య ఈ రాజీ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది.

తర్వాత కొసలు కూడా గుండ్రంగా తిప్పడం వచ్చింది. 1978లో హెల్వెటికాకు గుండ్రటి కొసల రూపం వచ్చింది. 1979లో ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ తన షోరూముల బోర్డులకూ ప్రకటనలకూ కలిపి ఒకే ముఖం కావాలని వాగ్ రౌండెడ్ అనే ఫాంటును తయారుచేయించుకుంది. కార్ల కంపెనీ కోసం పుట్టిన ఆ అక్షరం తర్వాత కంప్యూటర్లలోకి చేరింది. ఆపిల్ కంప్యూటర్ల కీబోర్డు మీటల మీద చాలా ఏళ్లపాటు అదే ఉండేది. 2015 నుంచి వాళ్లు వేరే ఫాంటుకు మారారు. ఇనుమూ ఇంజనూ అమ్ముకునేవాళ్లు కూడా జనానికి మెత్తగా కనబడాలనుకున్నప్పుడు గుండ్రటి కొస దగ్గరికే వెళ్లారు. ఆ కొసకున్న శక్తి అది.

మరి తెలుగు సంగతేమిటి? మన లిపే గుండ్రం కదా, దీనికి గుండ్రటి ఫాంటు ఎంత పని అనిపిస్తుంది. తాటాకు మీద గంటంతో రాసేటప్పుడు అడ్డగీత గీస్తే ఆకు చీలుతుందని మన పూర్వులు వంపులు ఎంచుకున్నారని పెద్దలు చెబుతారు. ఆ మాట ఎంతవరకు నిజమైనా మన అక్షరాలు వంపుల మయమన్నది కళ్లెదుటి సత్యం. అయితే గుండ్రంగా ఉండటం వేరు, వృత్తంగా ఉండటం వేరు. సున్నను పక్కన పెడితే మన లిపిలో కచ్చితమైన వృత్తం దాదాపు దొరకదు. ‘ల’లో వంపు ఒక రకం, ‘జ’లో మరో రకం, ‘ణ’లో ఇంకో రకం. ‘అ’ ఎక్కడ మొదలై ఎక్కడికి తిరిగి ఎక్కడ ఆగుతుందో చేత్తో రాస్తూ గమనిస్తే తెలుస్తుంది, అది ఊపిరి ఉన్న గీత. వృత్తలేఖిని పట్టుకుని తెలుగు అక్షరమాల మొత్తం గీసిన ప్రయత్నాలు కొన్ని చూశాను. అన్నీ చక్రాల్లా ఉంటాయి, చదువుతుంటే కన్ను జారిపోతుంది. బాలూ తమ్ముడు ఆ దారి పట్టలేదు. జ్యామితి ఫాంట్లలోని సమమైన మందాన్నీ నున్నటి కొసనూ తీసుకుంది, వంపును మాత్రం తెలుగు చేతిరాత నుంచి తీసుకుంది. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చిన నిర్ణయం ఇదే.

లావు విషయానికొద్దాం. ఈ ఫాంటు కష్టమంతా అక్కడే ఉంది. ఇంగ్లీషు అక్షరాన్ని ఎంత లావు చేసినా అది ఒకే అంతస్తు. తెలుగు అక్షరానికి మూడు అంతస్తులు. పైన తలకట్టు, గుడి, ఎత్వం. నడిమి అంతస్తులో హల్లు. కింద ఒత్తులు, వట్రసుడి, అక్షరం కిందుగా చుట్టుకుని ఎడమకు వచ్చే క్రావడి. ‘స్త్రీ’ అని రాస్తే గుడి దీర్ఘం నుంచి రెండు ఒత్తుల దాకా ఒక్క అక్షరం నిలువునా ఎంత మేర దిగుతుందో చూడండి. ‘రాష్ట్రం’, ‘వస్త్రం’, ‘శాస్త్రం’ కూడా అంతే. సన్నటి గీతలో ఇవన్నీ హాయిగా ఇముడుతాయి. గీతను మూడింతలు లావు చేస్తే లోపలి ఖాళీలు పూడిపోవడం మొదలవుతుంది.

పూడిపోతే నష్టం అందం ఒక్కటే కాదు, అర్థమే మారిపోతుంది. ‘ద’కూ ‘ధ’కూ మధ్య తేడా కింద ఒక చిన్న గీత. ‘ధ’కూ ‘థ’కూ తేడా కడుపులో ఒక చుక్క. ‘బ’, ‘భ’లకూ, ‘డ’, ‘ఢ’లకూ, ‘ప’, ‘ఫ’, ‘ష’లకూ మధ్య కూడా ఉన్నది అలాంటి రవ్వంత గీతే. లావు ఫాంటులో ఆ రవ్వంత గీత మిగిలిన ఒంట్లో కలిసిపోతే ‘బాగా’ ఏదో ‘భాగా’ ఏదో దూరం నుంచి తెలియదు. బాలూ తమ్ముడిని పెద్ద సైజులో పెట్టి ఈ జంటల దగ్గర ఆగి చూడండి. రెండు గీతలు కలిసే చోట మందం తగ్గి ఉంటుంది. కడుపులో గాలి ఆడేటంత చోటు మిగిల్చి ఉంటారు. దూరం నుంచి చూస్తే గీతంతా ఒకే లావు అనిపిస్తుంది. దగ్గరికెళితే అలా అనిపించడానికి చేసిన వందల సవరణలు కనబడతాయి.

ఇంకొక చిక్కు అక్షరాల మధ్య దూరం. బాలూ కుటుంబం స్వభావమే ఒకరినొకరు ఆనుకుని ఉండటం. తెలుగులో ఒత్తులు చాలావరకు అక్షరానికి కింద, కుడివైపుకు వస్తాయి. ‘అమ్మమ్మ’, ‘అప్పచ్చి’, ‘చిన్నన్న’ లాంటి మాటల్లో ఒక అక్షరం ఒత్తు పక్క అక్షరం ఒత్తుకు తగులుతుంది. విడదీస్తే మాట చెల్లాచెదురవుతుంది, దగ్గరికి లాగితే ముద్దవుతుంది. గుణింతాలు మరో లోకం. ‘క’కు గుడి పెడితే తలకట్టు పోయి గుడి ఆ చోట అతుకుతుంది. ‘మొ’, ‘యొ’, ‘ఘో’ లాంటి చోట్ల అచ్చు గుర్తు హల్లుతో కలిసిపోయి వేరే ఆకారమే పుడుతుంది. వీటిని సూత్రం పెట్టి అతికించి వదిలేస్తే ఎక్కడో ఒకచోట అతుకు కనబడుతుంది. ఒక్కోదాన్నీ విడిగా చూసి, గీసి, మాటల్లో పెట్టి పరీక్షించాలి. యాభై ఆరు అక్షరాల లిపి అని మనం చెప్పుకుంటాం గానీ ఫాంటు గీసేవాడికి ఎదురయ్యేవి కొన్ని వందల ఆకారాలు.

ఇంత పని చేసినవాళ్ల పేర్లు ఇక్కడ చెప్పుకోకపోతే ఈ అభినందనకు అర్థం లేదు. తెలుగు అక్షరాలు గీసినవారు మైథిలీ శింగ్రే, ఓంకార్ శేండే. మొత్తం కుటుంబానికి సాంకేతికంగా వెన్నుదన్నుగా నిలిచినవారు గిరీశ్ దల్వీ. తమది కాని లిపిని నేర్చుకుని, దాని నడక పట్టుకుని, తెలుగు పిల్లవాడు చూసి ‘ఇది మా అక్షరమే’ అనుకునేలా గీయడం సామాన్యమైన పని కాదు. ముంబయిలో కూర్చుని వాళ్లు మన ఒత్తుల కోసం పడ్డ శ్రమకు తెలుగువాళ్లం శాలువా కప్పి, పూలదండ వేసి, చేతులెత్తి దండం పెట్టాలి. ఈ అక్షరాల సాక్షిగా ఆ పని నేనిప్పుడు చేస్తున్నాను.

గుండ్రటి కొస మన పిల్లలకు ఎందుకు ఇంత దగ్గరగా ఉంటుందని నేను చాలాసార్లు ఆలోచించాను. మన అక్షరాభ్యాసం ఎలా జరుగుతుందో గుర్తు చేసుకోండి. పళ్లెంలో బియ్యం పోసి, పిల్లవాడి చూపుడువేలు పట్టుకుని ఓనమాలు దిద్దిస్తాం. బియ్యంలో వేలు గీసే గీతకు మందం అంతటా ఒకటే, మొదలూ చివరా రెండూ గుండ్రమే. ఆ తర్వాత పలక మీద బలపం వస్తుంది. అదీ అంతే, అరిగిన బలపం కొస గుండ్రంగానే గీస్తుంది. సన్నం, లావు మారుతూ మొనదేలిన గీత మనకు ఆ తర్వాతెప్పుడో పాళీతోనూ అచ్చు పుస్తకాలతోనూ పరిచయమవుతుంది. అంటే తెలుగు బిడ్డ జీవితంలో రాసే మొట్టమొదటి అక్షరం గుండ్రటి కొసల అక్షరమే. బాలూ తమ్ముడిలో పిల్లల పుస్తకం హెడ్డింగు పెడితే పిల్లలు వెంటనే దానికి అలవాటు పడిపోవడానికి కారణం ఇదేనని నా గట్టి నమ్మకం.

తమ్ముడు రాకముందు మన పరిస్థితి ఎలా ఉండేదో కొత్తతరానికి తెలియకపోవచ్చు. గట్టిగా, ప్రేమగా పలకరించే లావుపాటి తెలుగు అక్షరం కావాలంటే చేయి తిరిగిన చిత్రకారుడి ఇంటికి వెళ్లాల్సిందే. బాపు గారి అక్షరాలు ఎంత మందిని తెలుగుతో ప్రేమలో పడేశాయో నేను వేరే చెప్పక్కర్లేదు. సినిమా టైటిళ్లకు ఈశ్వర్ లాంటి పబ్లిసిటీ కళాకారులు ఒక్కో సినిమాకు ఒక్కో అక్షరస్వరూపం పుట్టించారు. ఊరూరా గోడల మీద, లారీల మీద, కిరాణా కొట్ల మీద రాసిన పేరులేని బోర్డు ఆర్టిస్టులదీ అదే కోవ. వాళ్ల కుంచె కొస గుండ్రంగా తిరిగిన చోటల్లా బాలూ తమ్ముడి పూర్వికులు కనబడతారు.

ఫ్లెక్సీ మిషన్లు వచ్చాక ఆ కుంచెలు మూలపడ్డాయి. డీటీపీ సెంటర్లో పేజ్‌మేకరూ అను ఫాంట్లూ ఉండేవి. అచ్చుపనిని ఆ ఫాంట్లే ఏళ్ల తరబడి మోశాయి, అందుకు వాటికి మనం రుణపడి ఉన్నాం. కానీ అవి యూనికోడ్ కావు, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తుపట్టే సంకేత పద్ధతిలో ఉండేవి కావు. ఒక కంప్యూటర్లో టైపు చేసింది ఇంకో కంప్యూటర్లో తెరిస్తే పిచ్చిగీతలు వచ్చేవి. యూనికోడ్‌లోకి మారాక తిరుమల కృష్ణ దేశికాచారి గారి పోతన, వేమన ఫాంట్లు, విండోస్‌తో వచ్చిన గౌతమి మనకు ఆసరా అయ్యాయి. 2012 డిసెంబరులో తిరుపతిలో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభల సందర్భంగా సిలికానాంధ్ర సంస్థ చొరవతో ఒక ఫాంట్ల సమూహమే విడుదలైంది. పురుషోత్ కుమార్ గుత్తుల గీసిన రామభద్ర వంటి హెడ్డింగు ఫాంట్లు మన పోస్టర్లకు కొత్త కండ ఇచ్చాయి. అయినా చాలా చోట్ల జరిగింది వేరు. సన్నటి ఫాంటు తీసుకుని కంప్యూటర్లో ‘బోల్డ్’ బొత్తం నొక్కేవారు. లావు రూపం విడిగా గీసి లేని ఫాంటుకు ఆ బొత్తం చేసేది గీత చుట్టూ రంగు పూయడమే. కడుపులు పూడిపోయి, ఒత్తులు మసకబారి, ‘ష’ ఏదో ‘ప’ ఏదో తెలియని బోర్డులు ఊళ్ల నిండా వెలిశాయి. లావుగానే పుట్టిన, లావులోనూ చదవడానికి వీలైన, నవ్వుముఖం ఉన్న అక్షరం అవసరం అప్పుడు ఎంత ఉందో ఊహించుకోండి. ఆ అవసరంలోకి తమ్ముడు నడిచి వచ్చాడు.

ఇంకో గొప్ప గుణం ఈ కుటుంబపు ఐకమత్యం. చాలా కంపెనీలు ముందు ఇంగ్లీషు ఫాంటు గీయించుకుని, అది అయ్యాక భారతీయ లిపులను దాని కొలతల్లోకి కుదిస్తాయి. అప్పుడు తెలుగు ఎప్పుడూ పొట్టిగా, ఊపిరాడక, అరువు చొక్కా తొడుక్కున్నట్టు ఉంటుంది. బాలూలో అన్ని లిపులనూ సమాంతరంగా గీశారు. ఏ ఒక్క లిపి లక్షణమూ మిగిలినవాటిని తొక్కేయకుండా చూసుకున్నారు. దాని ఫలితం సరిహద్దుల్లో తెలుస్తుంది. హిందూపురంలోనో బళ్లారిలోనో తెలుగూ కన్నడమూ పక్కపక్కన రాయాల్సిన బోర్డు మీద తమ్ముడినీ తమ్మనూ కలిపి పెట్టండి. ఒకప్పుడు ఒకే లిపిగా ఉండి విడిపోయిన ఈ రెండూ మళ్లీ ఒకే తల్లి బిడ్డల్లా కనిపిస్తాయి. చిత్తూరు వైపు తమ్ముడి పక్కన తంబి నిలబడతాడు. హైదరాబాదులో తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ ఉండాల్సిన చోట తమ్ముడూ భాయీజానూ ఒకే కుటుంబపు ముఖాలతో కలిసి నిలుస్తారు. మూడు భాషల్లో ఏదీ చిన్నబోదు. బోర్డు మీద లిపులకు దక్కే సమానమర్యాద చిన్న విషయం కాదు. దాన్ని చదివే మనుషులకు దక్కే మర్యాద కూడా అందులో ఉంది.

మొదట్లో తమ్ముడికి ఒకే ఒక్క బరువు ఉండేది, అదీ బాగా లావు. తర్వాత వచ్చిన ‘బాలూ తమ్ముడు 2’లో మామూలు బరువు నుంచి అతి లావు దాకా ఐదు మెట్లు ఇచ్చారు. దీంతో హెడ్డింగు ఒక బరువులో, దాని కింద రెండు మూడు వాక్యాల వివరం ఇంకో బరువులో పెట్టి మొత్తం పోస్టరును ఒకే కుటుంబంతో నడిపించే వీలు కలిగింది. ఆరోగ్య కేంద్రంలో గోడ మీద పెట్టే సూచనలకు, అంగన్‌వాడీ గదిలో అతికించే అక్షరాల పటాలకు, గ్రంథాలయంలో పిల్లల అరల మీద పెట్టే పేర్లకు, బస్టాండులో తాగునీటి గుర్తుకు, మొబైల్ యాప్‌లోని బొత్తాలకు ఇది ఎంతో అనువుగా ఉంటుంది. అంకెలు కూడా అదే బొద్దు స్వభావంతో ఉంటాయి కాబట్టి ధరల పట్టీలు, బస్సు నంబర్లు ముచ్చటగా కుదురుతాయి. అదే ఏక్ టైప్ 2022లో అనేక్ అనే మరో పెద్ద కుటుంబాన్ని తెచ్చింది. అందులో తెలుగును సన్నంగా, లావుగా మాత్రమే కాక ఇరుకుగా, వెడల్పుగా కూడా మార్చుకోవచ్చు. తమ్ముడితో నేర్చుకున్న పాఠాలు ఆ ఇంటికి పనికొచ్చే ఉంటాయి.

ప్రేమ ఉన్నవాళ్లే హద్దులు కూడా చెప్పాలి. నవల లోపలి పేజీలకు తమ్ముడు తగడు. నాలుగు వందల పేజీలు ఇంత ఉత్సాహంగా పలకరించే అక్షరంలో చదివితే కన్ను అలసిపోతుంది. సంతాప సందేశానికి, కోర్టు నోటీసుకు, శాస్త్రగ్రంథానికి వేరే ఫాంట్లు చూసుకోవాలి. మరీ చిన్న సైజులో లావు రూపం వాడితే ఒత్తులు నలుగుతాయి, అలాంటప్పుడు తేలిక బరువు తీసుకోవాలి. వరుసల మధ్య చోటు ధారాళంగా ఇవ్వాలి. ఇంగ్లీషుకు అలవాటైన కొలతతో పై వరుసను కింది వరుసకు దగ్గరగా లాగితే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. అన్నిటికన్నా ముఖ్యం, ఫ్లెక్సీలో ఖాళీ నింపడానికి అక్షరాన్ని అడ్డంగానో నిలువుగానో సాగదీయకూడదు. కొసల గుండ్రం కోడిగుడ్డులా మారి, శిల్పి కష్టపడి కుదిర్చిన మందాలన్నీ చెదిరిపోతాయి. చోటు ఎక్కువుంటే సైజు పెంచండి, లేదా చోటును అలాగే వదిలేయండి. ఖాళీ కూడా అక్షరానికి అలంకారమే.

బాలూ తమ్ముడు ఉచితం. ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద విడుదలైంది కాబట్టి ఎవరైనా దించుకోవచ్చు, పుస్తకంలో వాడుకోవచ్చు, వ్యాపారానికి వాడుకోవచ్చు. ఫాంటును విప్పి చూసి మార్పులు కూడా చేసుకోవచ్చు, అలా మార్చినదాన్ని ఇతరులకు పంచాలంటే అదే లైసెన్సు కింద పంచాలి. ఒక్క ఫాంటునే విడిగా అమ్ముకోవడం మాత్రం కుదరదు. శ్రీకాకుళం జిల్లాలో ఓ పల్లెబడి ఉపాధ్యాయురాలికీ, డాలస్‌లో ఆదివారం తెలుగు బడి నడిపే తల్లికీ, జూబ్లీహిల్స్‌లోని పెద్ద ప్రకటనల సంస్థకూ ఒకే నాణ్యత గల అక్షరం ఒకే ధరకు, అంటే ఏ ధరా లేకుండా, దొరుకుతోంది. మంచి తెలుగు అక్షరం డబ్బున్నవాళ్ల సొత్తుగా మిగలకుండా చేసినవాటిలో తమ్ముడిది గౌరవమైన స్థానం.

ఇలాంటి ఉచిత ఫాంటు విషయంలో మనం మరిచిపోయేది కృతజ్ఞత. పుస్తకం వేసేటప్పుడు ముఖచిత్రకారుడి పేరు వేస్తాం, అచ్చువేసిన ప్రెస్సు పేరు వేస్తాం. ఏ ఫాంటులో వేశామో, దాన్ని ఎవరు గీశారో ఒక వాక్యం వేస్తే పేజీ ఏమీ నిండిపోదు. పాశ్చాత్య ప్రచురణల్లో ఈ అలవాటు చాలా కాలంగా ఉంది, మనమూ చేసుకోదగ్గ మంచి అలవాటు. చదివిన పిల్లల్లో ఒక్కరికైనా ‘అక్షరాలు గీయడం కూడా ఒక పనా, అది నేనూ చేయొచ్చా’ అన్న ఆలోచన వస్తే రేపటి తెలుగు ఫాంటును మన ఊళ్లోనే ఎవరో గీస్తారు. ముంబయిలో పుట్టిన తమ్ముడికి విజయవాడలోనో వరంగల్లోనో చెల్లెలు పుడితే అంతకన్నా పండగ ఏముంటుంది!

తమ్ముడూ, పదేళ్లలో నువ్వు మా బడిగోడలెక్కావు, మా పండగ కార్డులెక్కావు, మా పిల్లల ఫోన్లలోకి వచ్చావు. నీ ఒత్తులు ఎప్పుడూ స్పష్టంగా ఉండాలి, నీ కొసలు ఎప్పుడూ నున్నగా ఉండాలి. కొత్త తెరలు, కొత్త యంత్రాలు ఎన్ని వచ్చినా వాటన్నిటి మీదా నీ ‘అ’ ఇలాగే నవ్వుతూ నిలవాలి. చిరంజీవిగా వర్ధిల్లు.

పాఠకులకు ఒక విన్నపం. మీ ఊరి బడికో, అంగన్‌వాడీకో, గ్రంథాలయానికో ఈ ఏడాది కొత్త బోర్డు రాయించే పని మీ చేతికొస్తే, డీటీపీ సెంటర్లో కూర్చుని బాలూ తమ్ముడిని దించి, పేరును సాగదీయకుండా, వరుసలకు చోటిచ్చి వేయించండి. బోర్డు కింద మూలన ‘అక్షరాలు: ఏక్ టైప్’ అని చిన్నగా రాయించండి.